ఒక్క ఏడాది మేయరు

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం వాళ్లు అడిగినప్పుడు, నేను ఏ శాతవాహనుల గురించో, రాయలవారి గురించో రాస్తాననుకొని ఉంటారు. ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి కదా! కానీ నాకు రాయాలనిపించింది ఒక మేయరు గురించి. ఆయన మన ఊరివాడు కాదు, తెలుగువాడూ కాదు. అయినా సత్యవేడు వైపు నుంచి బడికి వచ్చినవాళ్లంతా రోజూ దాటే కాలువకు, ఆయనకు సంబంధం ఉంది.

ఆయన పేరు ఎస్.సత్యమూర్తి. పుదుక్కోట ప్రాంతంలోని తిరుమయంలో 1887లో పుట్టాడు. మాటకారి కాంగ్రెసు నాయకుడు, కామరాజుకు రాజకీయ గురువు. 1940లో శిష్యుడు తమిళనాడు కాంగ్రెసు అధ్యక్షుడైతే గురువు ఆయన కింద కార్యదర్శిగా పనిచేశాడు. ఈ రోజుల్లో అలాంటిది చూడగలమా?

1939లో ఆయన మద్రాసు మేయరయ్యాడు. మేయరంటే నగరానికి రాజు అనుకోకండి. ఆ పదవి ఒక్క ఏడాదికే. అధికారం చాలావరకు కమిషనరు చేతిలో ఉండేది. మేయరు సభకు అధ్యక్షత వహించాలి, ఒప్పించాలి, పోరుపెట్టాలి, అంతే. పైగా అప్పుడు ప్రపంచ యుద్ధం మొదలైంది. కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. రాష్ట్రం గవర్నరు పాలనలో ఉంది.

నగరానికి అసలు కష్టం నీళ్లు. 1931లో ఆరున్నర లక్షలున్న జనాభా 1941 నాటికి 7.77 లక్షలకు చేరింది. తాగునీటికి ఆధారం ఎర్రకొండల చెరువు (పుళల్), చోళవరం చెరువు. కొసస్థలి నదికి తామరపాక్కం దగ్గర ఆనకట్ట కట్టి నీటిని ఈ చెరువులకు మళ్లించేవారు. అయితే మద్రాసు వానలు మీకు తెలిసినవే. అక్టోబరు, నవంబరుల్లో కుండపోత, తర్వాత నెలల తరబడి చుక్క ఉండదు. వరదంతా ఆనకట్ట మీదుగా ఎన్నూరు దగ్గర సముద్రంలో కలిసేది. పైన ఎక్కడో ఒక జలాశయం కట్టి వరదను పట్టి ఉంచుకోవడం ఒక్కటే దారి. దానికి అనువైన చోటు పూండి. మన నగరి కొండల నీళ్లు కూడా చేరేది అక్కడికే.

యుద్ధకాలంలో ఆనకట్టకు డబ్బు ఎవరిస్తారు? సత్యమూర్తి పట్టువదలలేదు. ప్రభుత్వాన్ని ఒప్పించాడు. 1940 ఆగస్టు 8న గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పూండిలో శంకుస్థాపన చేశాడు. సరిగ్గా అదే రోజు వైస్రాయి 'ఆగస్టు ప్రతిపాదన' ప్రకటించాడు. కాంగ్రెసు దాన్ని తోసిపుచ్చింది. దొరలతో తగవు అంత ముదిరిన రోజుల్లో ఒక కాంగ్రెసు మేయరు గవర్నరు చేత రాయి వేయించుకున్నాడు. క్లాసులో ఈ సంగతి చెబితే పిల్లలు, "రాజీ పడ్డాడా సార్?" అనేవారు. నేనైతే కాదంటాను. దాహానికి పార్టీ ఉండదని ఆయనకు తెలుసు. రెండేళ్లకే క్విట్ ఇండియాలో అదే ప్రభుత్వం ఆయన్ను జైల్లో పెట్టింది. అమరావతి జైలుకు (మనది కాదు, బేరారుది) పంపారు. ఆరోగ్యం పాడైంది. 1943 మార్చి 28న మద్రాసు ఆసుపత్రిలో కన్నుమూశాడు.

పూండి జలాశయం మొదలైంది 1944 జూన్ 14న. ఖర్చు 65 లక్షల రూపాయలు. నిల్వ సుమారు రెండున్నర టీఎంసీలు. ఆ నీళ్లను చూసే అదృష్టం ఆయనకు దక్కలేదు. తర్వాత దానికి సత్యమూర్తి సాగర్ అని పేరు పెట్టారు.

ఇక మన సంగతికి వస్తాను. 1983లో నేను తిరువల్లిక్కేణిలో గది అద్దెకు తీసుకొని చదువుకుంటున్నాను. ఆ ఏడు కరువు. తెల్లవారుజామున మూడింటికి లేచి చేతి పంపు దగ్గర బిందెతో నిలబడేవాణ్ణి. ఆ ఏప్రిల్‌లోనే ఎన్టీఆర్, ఎంజీఆర్ తెలుగుగంగ ఒప్పందం చేసుకున్నారు. మద్రాసుకు కృష్ణ నీళ్లు 12 టీఎంసీలు. గదిలో పండగ చేసుకున్నాం. తర్వాత కాలువ సర్వే మా చేలోకి వచ్చింది, రెండెకరాలు పోయింది. నాన్న కాలువ గట్టు మీద కూర్చొని, "మన నేల తవ్వి పట్నానికి నీళ్లేమిటిరా?" అనేవాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. ఆ బిందె బరువూ తెలుసు, ఆ రెండెకరాల విలువా తెలుసు.

1996లో కృష్ణ నీళ్లు కండలేరు నుంచి మన పొలాల పక్కగా సాగి, ఊత్తుకోట దాటి పూండి చేరాయి. యాభై ఏళ్ల కిందట ఆ జలాశయం కట్టి ఉండకపోతే అవి చేరడానికి తొట్టే లేదు. పటంలో కాలువ గీత చివర ఉన్న సత్యమూర్తి పేరును నేను అప్పుడే మొదటిసారి గమనించాను. నాన్నకు చెప్పాను. "ఆయనెవరో పట్టుదల మనిషిలాగే ఉన్నాడు" అని, కాసేపాగి, "ఆయన కాలంలో ఎవరి పొలాలు పోయాయో" అన్నాడు.

వచ్చే జనవరిలో మా బ్యాచి వాళ్లం పూండి వెళ్దామనుకుంటున్నాం. ఊత్తుకోట దాకా బస్సుంది. వచ్చేవాళ్లు పేరు ఇవ్వండి.