పుట్టిన నెలకో పువ్వు: మరి మా అమ్మమ్మది ఏ పువ్వు?

తాటిపాక నుంచి మళ్లీ నేనే. వెనకాల కాస్త గోలగా వినిపిస్తే ఏమనుకోకండి. మా ఇల్లు సెంటర్‌కి దగ్గర, బస్సుల హారన్లు ఆపడం నా చేతుల్లో లేదు.

పోయిన నెల మా పిన్ని కూతురి పుట్టినరోజైంది. ఆన్‌లైన్లో ఒక లాకెట్ తెప్పించుకుంది. సన్నటి గొలుసుకి చిన్న చామంతి పువ్వు. "నవంబరు వాళ్ల బర్త్ ఫ్లవర్ ఇదే అక్కా" అంది. మీరూ రీల్స్‌లో చూసే ఉంటారు. జనవరికి కార్నేషన్, జూన్‌కి గులాబీ, అక్టోబరుకి మేరీగోల్డ్, నవంబరుకి చామంతి, డిసెంబరుకి నార్సిసస్. ఒక్కోదానికి ఒక అర్థం, ఆ నెలలో పుట్టినవాళ్లకి ఆ గుణం. రాశిఫలాల్లాగే ఉంటుంది, కాకపోతే ఫొటోలు బాగుంటాయి.

పక్కనే కూర్చున్న అమ్మమ్మ ఆ లాకెట్ తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "మరి నాదేం పువ్వే?" అని అడిగింది.

జవాబు చెప్పబోయి ఇద్దరం ఇరుక్కుపోయాం. ఎందుకో చెప్తాను. ముందు ఈ లిస్టు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

రోమన్ల కాలం నుంచీ ఉందని కొందరు చెప్తుంటారు. అక్టోబరు లిస్టులో కాస్మోస్ అనే పువ్వు కూడా ఉంటుంది చూడండి. దాని పుట్టిల్లు మెక్సికో. అమెరికా ఖండం ఒకటుందనే తెలియని రోమన్లు మెక్సికో పువ్వుని లిస్టులో ఎలా పెడతారు? నవంబరు చామంతి చైనాది. 1789లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవుకి పెద్ద చామంతి మొక్క వచ్చాకే యూరప్ తోటల్లో దాని హవా మొదలైంది. అంటే మనం చూస్తున్న ఈ లిస్టు అంత పాతదేం కాదు.

పువ్వుకో అర్థం అనే పిచ్చి మాత్రం కొంచెం పాతది. అది టర్కీ మీదుగా వచ్చింది. 1717లో లేడీ మేరీ వర్ట్‌లీ మాంటేగూ అనే ఇంగ్లిష్ ఆవిడ, రాయబారి భార్యగా ఇస్తాంబుల్ వెళ్లింది. అక్కడి ఆడవాళ్లు పువ్వులూ పళ్లూ ముత్యాలూ మూటకట్టి ప్రేమ కబుర్లు పంపుకుంటారని ఉత్తరాల్లో రాసింది. ఆవిడ చనిపోయాక, 1763లో, ఆ ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. తమాషా ఏంటంటే అక్కడ అర్థం పువ్వులో లేదు, పేరులో ఉంది. వస్తువు పేరుకి ప్రాస కలిసే మాట ఏదో అదే కబురు. మనం చిన్నప్పుడు ప్రాసలు కలుపుతూ ఆడుకునేవాళ్లం కదా, దాదాపు అలాంటిదే. యూరప్‌ వాళ్లు ప్రాసని వదిలేసి పువ్వుని పట్టుకున్నారు.

1819లో పారిస్‌లో షార్లట్ డి లాతూర్ అనే కలం పేరుతో పూల భాష మీద ఒక పుస్తకం వచ్చింది. అలాంటివే ఇంకా చాలా వచ్చాయి. 1884లో కేట్ గ్రీనవే బొమ్మలు వేసి లండన్‌లో ఒకటి వేయించింది. దాన్లో నార్సిసస్‌కి అర్థం అహంకారం. డిసెంబరు వాళ్లూ, విన్నారా? ఇప్పటి యాప్‌లలో అదే పువ్వుకి ఆశ, శుభాకాంక్ష అని వేస్తున్నారు. పుట్టినరోజు కార్డు మీద అహంకారం అని రాస్తే ఎవరు కొంటారు లెండి! అదే పుస్తకంలో పసుపు చామంతికి నిర్లక్ష్యానికి గురైన ప్రేమ అని అర్థం. ఇక మన ముద్దబంతి, అంటే వాళ్లు ఆఫ్రికన్ మేరీగోల్డ్ అనేది, మోటు మనసుకి గుర్తట. సంక్రాంతికి గుమ్మం నిండా కట్టుకునే మనందరికీ కలిపి ఒకేసారి చెప్పేసింది ఆవిడ.

ఈ అర్థాలకి నెలల్ని అతికించినవాళ్లలో పూల వ్యాపారులూ, కార్డుల వాళ్లూ ఉన్నారు. నెలకో రాయి సంగతి చూడండి. 1912లో అమెరికా నగల వ్యాపారుల సంఘం కూర్చుని బర్త్‌స్టోన్ లిస్టు ఖాయం చేసింది. పువ్వులకి అలా ఒకే ఒక్క లిస్టు లేదు. జనవరికి ఒకచోట కార్నేషన్, ఇంకోచోట మంచు కరిగే వేళ పూసే స్నోడ్రాప్. ఆగస్టుకి గ్లాడియోలస్ ఒకటి, గసగసాల పువ్వు ఇంకొకటి. అక్టోబరు మేరీగోల్డ్ అన్నారా, అది ఎక్కువ లిస్టుల్లో కాలెండ్యులా అనే మధ్యధరా మొక్క, మన బంతి కానే కాదు. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకటే పేరు కావడంతో మనవాళ్లు బంతి ఫొటో పెట్టేస్తున్నారు.

నిజానికి మన బంతి కూడా మెక్సికోదే. అక్కడి పాత భాషలో దాని పేరుకి ఇరవై పువ్వు అని అర్థం, రేకులు అన్ని ఉంటాయని. చనిపోయినవాళ్లు తిరిగి ఇంటికొచ్చే పండగకి అక్కడ దానితో దారి పరుస్తారు. ఫ్రాన్స్‌లో నవంబరు 1న చామంతి కుండీలు సమాధుల మీద పెడతారు. అక్కడ ఎవరింటికైనా భోజనానికి చామంతులు పట్టుకెళ్తే బాగోదు. మనకి ఆ రెండూ లేకుండా పెళ్లి పందిరి లేదు. అక్కడా ఇక్కడా పువ్వు అదే, పని వేరు.

మనకి నెలకో పువ్వు లేదా అంటే, ఉంది. కానీ పుట్టుకకి కాదు, ఆ నెలలో పడే పనికి. చైత్రంలో ఉగాది పచ్చట్లోకి వేపపువ్వు. వైశాఖంలో సాయంత్రం మూరల లెక్కన మల్లెలు. వానలు పడ్డాక కాలవ గట్ల మీద మొగలి. ధనుర్మాసంలో గొబ్బెమ్మ నెత్తిన గుమ్మడి పువ్వు. ఫాల్గుణంలో హోలీ రంగుకి మోదుగ. పుట్టుకకి మనవాళ్లు ఇచ్చింది పువ్వుని కాదు, చెట్టుని. అదీ నెలని బట్టి కాదు, నక్షత్రాన్ని బట్టి. కృత్తికకి మేడి, రోహిణికి నేరేడు, పుష్యమికి రావి. కొన్ని గుళ్లలో నక్షత్రవనం అని బోర్డు కనిపిస్తే అదే.

ఇప్పుడు అమ్మమ్మ దగ్గరికి వద్దాం.

ఆవిడ ఆధార్ కార్డులో పుట్టిన తేదీ జనవరి 1. మీ ఇళ్లలో కూడా చూడండి, తేదీ తెలియని పెద్దవాళ్లు చాలామంది జనవరి ఒకటినో జూలై ఒకటినో పుట్టి ఉంటారు. ఆ లెక్కన మా వీధిలో సగం మంది ముసలివాళ్లు కార్నేషన్లే. ఆ పువ్వు మొహం చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

"అది కాదు, నిజంగా ఎప్పుడు పుట్టావు?" అని అడిగాం. "పోలి స్వర్గానికి మూడు రోజుల ముందు" అంది. "మా అమ్మ నన్ను పొత్తిళ్లలో పెట్టుకుని ఉండి ఆ ఏడు కాలవకి వెళ్లలేదట. ఇంట్లోనే దీపం పెట్టిందట."

పోలి కథ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో. అత్త చిన్న కోడల్ని ఇంట్లో వదిలేసి, మిగతా కోడళ్లని తీసుకుని కార్తీక స్నానాలకి వెళ్తుంది. పోలి కవ్వానికి అంటుకున్న వెన్న తీసి, పత్తితో వత్తి చేసి, ఇంట్లోనే దీపం పెట్టుకుంటుంది. స్వర్గం నుంచి విమానం వచ్చింది ఆవిడ కోసమే. కార్తీక అమావాస్య వెళ్లిన మర్నాడు తెల్లారకుండా మా వైపు కాలవల్లో అరటి దొప్పల్లో దీపాలు వదిలేది ఈ పోలికే.

మా చెల్లి వెంటనే ఫోన్లో చూసింది. పోలి పాడ్యమికి మూడు రోజుల ముందంటే కొన్నేళ్లు నవంబరులో పడుతుంది, కొన్నేళ్లు డిసెంబరులో. మన చాంద్రమాన సంవత్సరం ఇంగ్లిష్ సంవత్సరం కంటే పదకొండు రోజులు తక్కువ. రెండున్నరేళ్లు దాటాక అధికమాసం వచ్చి సరిచేస్తుంది, ఈలోపు తేదీలు ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉంటాయి. అమ్మమ్మ పుట్టిన ఏడు ఖాయంగా ఎవరికీ తెలియదు. కాబట్టి చామంతి అయినా కావచ్చు, నార్సిసస్ అయినా కావచ్చు.

"చామంతి అనుకో అమ్మమ్మా" అంది చెల్లి. "పుట్టినప్పుడే వస్తుందిట. ఇంక నీదే, ఎప్పటికీ."

అమ్మమ్మ లాకెట్ వెనక్కి ఇచ్చేసి, "పుట్టుకతో వచ్చిందే అయితే మధ్యలో ఎందుకు తీసేశారే?" అంది. కోపంగా ఏం కాదు, ధర అడిగినట్టు అడిగింది.

మా తాతయ్య పోయేటప్పటికి ఆవిడకి నలభై దాటలేదు. పదో రోజున తలనిండా పూలు పెట్టి, చేతినిండా గాజులు వేసి, బొట్టు పెట్టి, అన్నీ తీసేశారు. ఆ తర్వాత ఇద్దరు పిల్లల్ని పెంచింది పూలతోనే. కడియపులంక నుంచి ఒక కొట్టుకి పూల మూటలు దిగేవి. తెల్లారుజామున వెళ్లి తెచ్చుకుని, అరటినారతో మాలలు కట్టి, మూరకి ఇంత అని తీసుకునేది. మరువం కలిపిన కనకాంబరాలు, చామంతులు, శ్రావణ శుక్రవారాలకి ఎడతెగని ఆర్డర్లు. ఆ పూలు పెట్టుకున్న వాళ్లు పేరంటానికి పిలుచుకునేవాళ్లు. ఆవిడని పిలిచేవాళ్లు కాదు. వేళ్లకి మాత్రం రాత్రి దాకా మరువం వాసన ఉండేది. నేను ఆ చెయ్యి మొహం మీద వేసుకుని పడుకునేదాన్ని.

ఇది ఒక్క మా ఇంటి కథే అయితే ఎపిసోడ్ చేసేదాన్ని కాదు. గోదావరి జిల్లాల్లో ఈ ప్రశ్నకి నూట నలభై ఏళ్లు దాటాయి. 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది, కాగితం మీద. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి ఇలాంటి ఆచారాల మీద విరుచుకుపడ్డారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారు. పెళ్లికూతురు గౌరమ్మ. పెళ్లి అంటే మంగళసూత్రం ఒక్కటే కాదు కదా, జడలోకి పూలు కూడా తిరిగి వచ్చాయి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మారు మనువు చాలా కులాల్లో అంతకుముందు కూడా ఉండేది. గుండు చేయించే ఆచారం అన్ని కులాల్లోనూ లేదు. కానీ పువ్వు తీసేయడం మాత్రం చాలా ఇళ్లలో ఉండిపోయింది.

వీరేశలింగం గారి మార్గం మళ్లీ పెళ్లి. పెళ్లి చేసుకోని ఆవిడ సంగతేంటి? పువ్వు కావాలంటే ఇంకో మొగుడు ఉండాలా? అందుకే "బొట్టూ పువ్వూ పెళ్లితో రాలేదు, పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి, మొగుడు పోతే అవెందుకు పోవాలి" అనే వాదం నాకు ఎక్కువ నచ్చుతుంది. నిజమే కదా, మూడో నెలలోనే పసిదానికి బొట్టు పెడతాం, నాలుగు వెంట్రుకలు రాగానే పిలక కట్టి పువ్వు గుచ్చుతాం. 2022 మే నెలలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలో హేర్వాడ్ అనే ఊరి పంచాయతీ, భర్త పోయిన ఆడవాళ్ల గాజులు పగలగొట్టడం, బొట్టు చెరిపేయడం ఇకపై మా ఊళ్లో వద్దని తీర్మానం చేసింది. తర్వాత ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలకి కూడా అదే చెప్పింది. ఒక ఊరు కూర్చుని మాట్లాడుకుంటే అయిన పని అది.

మన దగ్గర పువ్వుకి కూడా శిక్ష ఉంది, అదొక్కటి చెప్పి ముగిస్తాను. మొగలి పువ్వు శివపూజకి పనికిరాదు. బ్రహ్మ తరఫున దొంగ సాక్ష్యం చెప్పిందని శివుడు శపించాడని పురాణం. సరే, ఆ పువ్వు అబద్ధం చెప్పింది, శిక్ష పడింది. అయినా దాన్ని జడలో పెట్టుకున్నాం, చీరల మడతల్లో దాచుకున్నాం. మా అమ్మమ్మ ఎవరి తరఫున ఏ సాక్ష్యం చెప్పిందని?

మొన్న పోలి పాడ్యమికి ముగ్గురం తెల్లవారుజామునే కాలవ దగ్గరికి వెళ్లాం. గన్నవరం అక్విడక్టు దాటి వచ్చే నీళ్లు, చలి, అప్పటికే రేవు నిండా దీపాలు. అమ్మమ్మ ముందురోజు రాత్రే చామంతుల మాల కట్టి ఉంచింది. చెల్లి దాన్లోంచి ఒక పువ్వు తుంచి ఆవిడ ముడి దగ్గరికి తీసుకెళ్లింది. అమ్మమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. రేవులో ఎవరెవరు ఉన్నారో ఒకసారి చూసింది. పువ్వు తీసుకుని దొప్పలో వత్తి పక్కన పెట్టి, నీళ్లలోకి వదిలింది. ఇంటికొచ్చి తడి చీర మార్చుకుంటూ, "వచ్చే ఏడు చీకటుండగానే వెళ్దాం, ఎవరూ లేచే లోపు" అంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లని వాళ్లు ఏ తెలుగు నెలలో పుట్టారో అడగండి. తేదీ వద్దు, నెల అడగండి. ఏం చెప్పారో కింద రాయండి, నేను అన్నీ చదువుతాను. వచ్చే వారం కలుద్దాం.