అటక మీది రేడియో చెప్పే చరిత్ర

మీ ఇంట్లో అటక మీద పాత రేడియో ఒకటి ఉందేమో చూడండి. చెక్క పెట్టె, ముందువైపు గుడ్డ, ఊళ్ళ పేర్లు రాసిన గాజు డయలు, తిప్పడానికి మూడు నాలుగు గుండీలు. అది పలకడం మానేసి ఏళ్ళు గడిచి ఉంటాయి. ఇంట్లోవాళ్ళు దాన్ని ఏదో ఒకరోజు పాత సామాన్లవాడికి తూకానికి వేసేస్తారు. అంతకుముందే దాన్ని ఒక పుస్తకంలా చదవడం నేర్చుకుంటే ఎంత భౌతికశాస్త్రం, ఎంత చరిత్ర బయటపడతాయో చూద్దాం.

అటువంటి పెట్టె ఒకటి కొన్నేళ్ళ క్రితం భిలాయ్‌లోని రుఆబాంధా సెక్టారులో నా చేతికి వచ్చింది. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒక తెలుగు పెద్దాయన ఇంట్లో ఉండేది. "తీసుకుపో బాబూ, పారెయ్యడానికి చెయ్యి రావడం లేదు" అన్నారాయన. ఎందుకు రాలేదో ఆ తరువాత అర్థమైంది.

భిలాయ్ కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరి 2న మన దేశానికీ, సోవియట్ యూనియన్‌కూ మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అప్పుడది మధ్యప్రదేశ్. 2000 నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్. దేశం నలుమూలల నుంచీ అక్కడికి పనికి వెళ్ళినవారిలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇంటి నుంచి ఉత్తరం రావాలంటే రోజులు పట్టే కాలం అది. అప్పుడు సొంత భాష వినిపించే సాధనం ఈ పెట్టే.

రాత్రిపూట వచ్చే తెలుగు

తెలుగు రేడియో స్టేషన్లు అప్పటికే ఉన్నాయి. హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో 1935 నుంచి పనిచేసి, 1950లో ఆకాశవాణిలో కలిసింది. విజయవాడ కేంద్రం 1948లో, విశాఖపట్నం కేంద్రం 1963లో మొదలయ్యాయి. భిలాయ్‌కి దగ్గరున్న రాయపూర్ కేంద్రం కూడా 1963 నాటిదే. కాని అది పలికేది హిందీ, ఛత్తీస్‌గఢీ. తెలుగు కావాలంటే దూరానికి చెవి పెట్టాలి. నేరుగా గీత గీస్తే భిలాయ్ నుంచి విశాఖ సుమారు 440 కిలోమీటర్లు, హైదరాబాదు సుమారు 520 కిలోమీటర్లు.

పగలు డయలు ఎంత తిప్పినా అంత దూరపు మీడియం వేవ్ స్టేషన్ దొరకడం కష్టం. పొద్దుగూకాక మాత్రం అదే సెట్టులో, అదే చోట గొంతు వినిపిస్తుంది. ఏమిటి కారణం?

భూమికి సుమారు 60 కిలోమీటర్ల ఎత్తు నుంచి సూర్యకిరణాల ధాటికి గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. ఈ ప్రాంతమే ఐనోస్ఫియర్. ఇందులో అన్నిటికన్నా కింద ఉండే 'డి' పొర పగటిపూట మీడియం వేవ్ తరంగాల శక్తిని పీల్చేస్తుంది. సూర్యుడు అస్తమించగానే అక్కడి ఎలక్ట్రాన్లు త్వరగా తిరిగి అణువులతో కలిసిపోతాయి. అడ్డు తొలగిన తరంగాలు పైనున్న పొరల దాకా వెళ్ళి, వాటి నుంచి వంగి, వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి. ఇటువంటి పొర ఉండాలని 1902లో కెన్నెలీ, హెవిసైడ్ విడివిడిగా ఊహించారు. 1924లో ఆపిల్టన్ ప్రయోగం చేసి నిరూపించాడు. 1947లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అదే సంవత్సరం మన శిశిర్ కుమార్ మిత్ర ఊర్ధ్వ వాతావరణం మీద రాసిన ప్రసిద్ధ గ్రంథం వెలువడింది.

షిఫ్టు దిగి వచ్చి, భోజనం చేసి, డయలు ముందు కూర్చున్న కార్మికుడికి ఈ సిద్ధాంతం తెలియనక్కర్లేదు. రాత్రయితే విశాఖ వస్తుందని తెలుసు, అంతే.

పేరు చదివితే పని తెలుస్తుంది

ఇక పెట్టె వెనక అట్ట విప్పుదాం. నా సెట్టులో ఐదు వాల్వులున్నాయి: ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈబీసీ81, ఈఎల్84, ఈజడ్80. ఇవి అర్థంలేని అంకెలు కావు. యూరప్ కంపెనీలు పెట్టుకున్న పద్ధతి ప్రకారం మొదటి అక్షరం ఫిలమెంటు సంగతి చెబుతుంది. 'ఈ' అంటే 6.3 వోల్టులు, 'యు' అయితే 100 మిల్లీ ఆంపియర్లు. తరువాతి అక్షరాలు లోపలి నిర్మాణం చెబుతాయి. 'బి' రెండు డయోడ్లు, 'సి' ట్రయోడ్, 'ఎఫ్' పెంటోడ్, 'ఎల్' స్పీకరును నడిపే పెంటోడ్, 'జడ్' ఏసీని డీసీగా మార్చే ఫుల్‌వేవ్ రెక్టిఫయర్. అంకెల్లో మొదటిది 8 అయితే తొమ్మిది కాళ్ళ పీఠం.

ఈ పద్ధతి తెలిస్తే సర్క్యూట్ పటం లేకపోయినా ఏ వాల్వు ఏ పని చేస్తుందో ఊహించవచ్చు. తొలి ట్రాన్సిస్టర్లకు కూడా ఇదే పేరుపద్ధతి సాగింది. 'ఓసీ71' అన్న పేరు చూడండి. 'ఓ' అంటే ఫిలమెంటు వోల్టేజి సున్న, 'సి' అంటే ట్రయోడ్. అంటే వేడి చెయ్యనక్కర్లేని ట్రయోడ్ అన్నమాట! 1947 డిసెంబరులో బెల్ లేబరేటరీలో పుట్టిన కొత్త వస్తువును పాత వస్తువు భాషలోనే పిలిచారు.

సెట్టు వయసు తెలుసుకోవడానికి మరికొన్ని ఆనవాళ్ళున్నాయి. డయలు మీద కిలోహెర్ట్జ్ బదులు 'కిలోసైకిల్స్' అని ఉంటే అది పాతకాలపుది కావచ్చు. 1978 నవంబరు 23 నుంచి మన ప్రాంతంలో మీడియం వేవ్ స్టేషన్లను 9 కిలోహెర్ట్జ్ ఎడంలో అమర్చారు. రాయపూర్ 981, విశాఖ 927: రెండింటినీ 9తో భాగించి చూడండి. పార్టుల మీద 'బెల్' గుర్తు ఉంటే అవి బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారివి. 1954లో ఏర్పడిన ఆ సంస్థ 1960ల తొలినాళ్ళలో రేడియో వాల్వులు, జెర్మేనియం ట్రాన్సిస్టర్లు తయారుచెయ్యడం మొదలుపెట్టింది. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం లైసెన్సు పుస్తకం. 1980ల దాకా రేడియో పెట్టుకోవాలంటే ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టాలి. ఆ పుస్తకం దొరికితే అందులోని పోస్టాఫీసు ముద్రలే తేదీలు చెబుతాయి.

మరమ్మతులో ఒక పాఠం

తొందరపడి నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. సెట్టు ఇంటికి తేగానే ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాను. రెండు నిమిషాల్లో 'ఢాం' అని చప్పుడు, ఘాటైన వాసన. ఫిల్టర్ కండెన్సరు పేలింది.

ఎలక్ట్రోలైటిక్ కండెన్సరులో విద్యుత్తును ఆపేది అల్యూమినియం రేకు మీద ఉండే పలుచని ఆక్సైడ్ పొర. ఏళ్ళ తరబడి వాడకపోతే ఆ పొర చెడుతుంది. ఒక్కసారిగా రెండు మూడు వందల వోల్టులు పడితే తట్టుకోలేదు. అందుకే అనుభవమున్న మెకానిక్కులు పాత సెట్టును ముందు 60 వాట్ల ఫిలమెంటు బల్బుతో సిరీస్‌లో కలిపి చూస్తారు. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది.

కొత్త కండెన్సరు వేశాక గుయ్యిమనే రొద పోయింది. కాని ఈఎల్84 లోపలి ఏనోడు ఎర్రగా కాలసాగింది. వాల్వు చెడిందనుకుని కొత్తది పెట్టాను. అదీ ఎర్రబడింది! దోషి మరొకటి. ముందున్న వాల్వు ఏనోడు నుంచి దీని గ్రిడ్‌కు శబ్ద సంకేతాన్ని చేరవేసే చిన్న కాగితపు కండెన్సరు ఒకటుంది. అది డీసీని ఆపాలి. తేమ పీల్చి లీకవడంతో ధనావేశం గ్రిడ్‌కు చేరింది. రుణంగా ఉండవలసిన గ్రిడ్ ధనమైతే వాల్వులో ప్రవాహం అదుపు తప్పుతుంది. బాధ కనబడ్డ చోటే జబ్బు ఉండదని డాక్టర్లు చెప్పే మాట ఇక్కడా వర్తిస్తుంది.

ఒక హెచ్చరిక. వాల్వు సెట్టులో రెండు మూడు వందల వోల్టుల డీసీ ఉంటుంది. స్విచ్చి తీసినా కండెన్సర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని 'ఏసీ-డీసీ' సెట్లలో ఛాసిస్‌కే మెయిన్స్ తగలవచ్చు. కాబట్టి తెలిసినవారు పక్కన లేకుండా లోపల చెయ్యి పెట్టవద్దు. మొదట బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టర్ సెట్టుతో నేర్చుకోండి. అందులోనూ వింతలున్నాయి. ఏఎఫ్117 వంటి పాత ట్రాన్సిస్టర్లలో లోపలి తగరపు పూత నుంచి వెంట్రుకల కన్నా సన్నని తీగలు తమంతట తామే మొలిచి షార్టు చేస్తాయి!

మళ్ళీ ఆ గొంతు

సెట్టు బాగయ్యాక దాన్ని రుఆబాంధాకే తీసుకువెళ్ళాను. సాయంత్రం ఏడు దాటాక పెద్దాయన స్వయంగా గుండీ తిప్పారు. ముందు అంతా గరగర. ఎల్‌ఈడీ దీపాలు, ఫోను ఛార్జర్లు ఆపించాను. వాటిలోని వేగంగా తెరుచుకుంటూ మూసుకునే సర్క్యూట్లు మీడియం వేవ్‌లో రొద నింపుతాయి. చీకటి గదిలో డయలు దీపం ఒక్కటే మిగిలింది. గొంతు లేస్తూ పడుతూ తెలుగు మాటలు వినిపించాయి. ఆయన ఏమీ అనలేదు, లోపలికి వెళ్ళి భార్యను పిలుచుకు వచ్చారు. సెట్టు అక్కడే వదిలి వచ్చాను.

ఇప్పుడు తక్కువ శక్తిగల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు చాలా మూతబడ్డాయి. ఈ సెట్లను వాడినవాళ్ళూ, బాగుచేసినవాళ్ళూ తగ్గిపోతున్నారు. పెట్టె పోతే మరో ఊళ్ళో మరో పెట్టె దొరకవచ్చు. అది ఎవరు కొన్నారు, ఏ స్టేషన్ కోసం రాత్రుళ్ళు మేలుకున్నారు అన్న సంగతి మాత్రం ఇంకెక్కడా దొరకదు. అందుచేత మీ ఇంట్లో పాత సెట్టు కనబడితే ముందుగా ఒక నోటుబుక్కు తీసుకోండి. వాల్వుల పేర్లు, డయలు మీది ఊళ్ళు, లోపల అతికించిన కాగితం మీది అక్షరాలు రాసుకోండి. తరువాత మీ తాతగారినో, అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. స్క్రూడ్రైవర్ పని ఆ తరువాతే.