సీలు కవరులోని మాట

మొన్న రాత్రి మా మనవరాలు అన్నం సరిగ్గా తినలేదు. మజ్జిగన్నం దాకా రాకుండానే చెయ్యి కడిగేసుకుంది. ఏమిటే అంటే ఏమీ లేదంది. తీరా బుజ్జగించి అడిగితే అసలు సంగతి బయటపడింది. ఫోనులో ఎవరో పట్టుచీర ఉచితంగా ఇస్తామన్నారట. వాళ్ళు చెప్పినట్టే ఆ ప్రకటన పదిమందికీ పంపి, ముగ్గురు స్నేహితురాళ్ళ పేర్లు రాసి, పదిహేను రోజులు ఎదురుచూసిందట. చీర కాస్తా వేరే ఊరి అమ్మాయికి వెళ్ళింది.

"పోనిద్దూ, నీకేం చీరలు లేవా?" అన్నాను. అనకూడని మాట అది.

"చీర కోసం కాదు అమ్మమ్మా. నాకెప్పుడూ రాదు, అంతే" అంది.

ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. విన్నాను! 1954లో, మా పెద్దమ్మ నోట.

పెద్దమ్మ ఫిఫ్త్ ఫారం దాకా చదువుకుంది. మా వీధిలో ఇంగ్లీషు చదవగలిగిన ఆడది ఆవిడొక్కతే. పెదనాన్నగారు తెచ్చే ఒక ఇంగ్లీషు పత్రికలో గళ్ళపోటీ ఉండేది. వాక్యంలో ఒక మాట ఖాళీ. అది మనం పూరించి, ప్రవేశ రుసుముతో కలిపి కూపను పంపాలి. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ పెద్దమ్మ నిఘంటువు ముందేసుకుని, పెన్సిలు చెవిలో దోపుకుని కూర్చునేది. రుసుము పాలడబ్బుల్లో మిగిల్చినది. గెలిస్తే కుట్టుమిషను కొంటానని మాకందరికీ చెప్పింది.

ఒకసారి అన్నీ సరిపోయి ఒక్క అక్షరం దగ్గర పోయింది. 'ఇలాంటి మనిషికి స్నేహితులు తక్కువ' అన్న అర్థం వచ్చే వాక్యం అది. పెద్దమ్మ 'కోల్డ్' అని రాసింది. వాళ్ళ జవాబు 'బోల్డ్'. "రెండూ కుదురుతాయి కదండీ!" అని ఆవిడ వాదించింది. పెదనాన్నగారు నవ్వి, "ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళ ఆట, నీకెందుకే" అన్నారు. ఆ సాయంత్రమే నిఘంటువు అటకెక్కింది. మళ్ళీ దిగలేదు. డబ్బు పోయినందుకు కాదు. తనకు రాదని ఆవిడ నమ్మేసింది, అదీ సంగతి.

గెలిచినవాళ్ళ పేర్లు పత్రికలు అచ్చేస్తాయి. ఓడినవాళ్ళ ఊసు ఎవరికి కావాలి? అయినా చరిత్రలో అక్కడక్కడా కనబడతారు. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణి 1567లో ఒక లాటరీ ప్రకటించింది. ఓడరేవుల మరమ్మతు వగైరాలకు డబ్బు కావలసివచ్చింది. లండనులో సెంట్ పాల్ చర్చి దగ్గర 1569 జనవరి 11న తీయడం మొదలుపెడితే, రాత్రింబగళ్ళు సాగి మే 6కి ముగిసింది. అందులో నాకు నచ్చిన విశేషం ఒకటుంది. చీటీ కొన్నవాళ్ళు తమ పేరు బదులు చిన్న పద్యపాదమో, ముద్దుపేరో రాసుకునే వీలుండేది. చీటీ పోయినా పోయింది ఎవరిదో పక్కింటావిడకు తెలియదన్నమాట. ఎంత ముందుచూపు!

మన దేశంలో కలకత్తా టౌన్‌హాలు 1813లో లాటరీ డబ్బుతోనే లేచింది. 1817లో ఏకంగా లాటరీ కమిటీ అనే పెట్టారు. కాలేజీ స్ట్రీటు, కార్న్‌వాలిస్ స్ట్రీటు లాంటి వీధులు వేయించింది ఆ కమిటీయే. జూదం డబ్బుతో ఊరు బాగుచేయడం ఏమిటని ఇంగ్లండులో విమర్శలొచ్చి 1836లో ఆపేశారు. టిక్కెట్టు కొని మోసపోయాననుకున్న గుమాస్తా కనీసం తన రూపాయి పడ్డ వీధిలో నడిచైనా ఉంటాడు. పెద్దమ్మకు ఆ పాటి ఊరట కూడా లేదు.

కానీ అసలు ఊరట ఒకటి ఢిల్లీలో సిద్ధమైంది. గళ్ళపోటీల పిచ్చి ముదిరిపోయి, 1955లో పార్లమెంటు బహుమతి పోటీల చట్టం చేసింది. నెలకు మొత్తం వెయ్యి రూపాయలకు మించి బహుమతులు ఇవ్వకూడదు, రెండు వేలకు మించి ఎంట్రీలు తీసుకోకూడదు. పోటీలు నడిపేవాళ్ళు ఊరుకుంటారా? అప్పటికే బొంబాయి ప్రభుత్వంతో పన్నుల తగాదా ఒకటి నడుస్తోంది. బెంగళూరులో అచ్చయ్యే 'స్పోర్టింగ్ స్టార్' అనే వారపత్రికలో ఆర్.ఎం.డి. చమర్‌బాగ్‌వాలా కంపెనీవారు నడిపిన గళ్ళపోటీ గురించి అది. పెద్దమ్మ కూపను పంపిన పత్రిక వేరు గాని, పోటీ తీరు అలాంటిదే. రెండు వ్యవహారాలూ సుప్రీంకోర్టుకెక్కి, 1957 ఏప్రిల్ 9న తీర్పులు వచ్చాయి.

మావారు వకీలు. పుస్తకాల బీరువా దులుపుతూ ఆ తీర్పు చదివి నేను అక్కడే కూలబడిపోయాను. అసలు జవాబు నిర్వాహకులు ముందే నిర్ణయించి సీలువేసి ఉంచుతారు. మన జవాబు దానితో కలవాలి, అంతే. ఇందులో నేర్పు లేదు, అదృష్టమే ఉంది, కనుక ఇది జూదమే అని కోర్టు తేల్చింది. నిజంగా నేర్పు కావలసిన పోటీల జోలికి 1955 చట్టం రాదనీ చెప్పింది. అంటే పెద్దమ్మకు ఇంగ్లీషు రాక కాదు. ఆ కవరులో ఏముందో ఆవిడకు తెలియదు, అంతే. ఇంగ్లీషు ప్రొఫెసరుకైనా తెలియదు.

నేనది చదివేనాటికి పెద్దమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఆ తీర్పు వచ్చాక కూడా ఇన్నేళ్ళు బతికింది, ఇంట్లో ఒక్కరమైనా చెప్పి ఉంటే! పెదనాన్నగారిని అడుగుదామంటే ఆయనా లేరు.

ఇదంతా మనవరాలికి చెప్పాను. "ఇప్పుడు నీ చీర కవరులో కూడా ఎవరి పేరుందో నీకేం తెలుసే, నువ్వు చేసిన తప్పేముంది?" అన్నాను. దానికి ఆ మాట ఎక్కినట్టు లేదు. ఎటో చూస్తూ కూర్చుంది. కాసేపయ్యాక, "ఆ వాక్యం మళ్ళీ చెప్పు అమ్మమ్మా" అంది.

చెప్పాను.

"కోల్డే కదా! బోల్డ్ అని ఎవరు రాస్తారు?" అని మండిపడింది.

ఆ కోపంలోనే లేచి వెళ్ళి, పెరుగు గిన్నె ఎక్కడ పెట్టావని వంటింట్లోంచి కేకేసింది.