శిశు సంరక్షణలో విరామం: చారిత్రక పరిశీలన

కష్టాల్లో ఉన్న కుటుంబం నుండి బిడ్డను వేరు చేయకుండా, పోషణభారాన్ని కొన్ని గంటలపాటు సమాజం పంచుకోవాలన్న భావన మన దేశంలో తల్లి శ్రమతో ముడిపడి ఎదిగింది. 1953లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి గ్రామీణ బాలవాడీలకు ఊతమిచ్చింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంతో అంగన్‌వాడీలు మొదలయ్యాయి. వాటి లక్ష్యాలు పోషకాహారం, ఆరోగ్యం, పూర్వ ప్రాథమిక విద్య. తల్లికి దక్కే విరామం ఉపఫలం మాత్రమే.

2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. పనిచోటికి తల్లుల వెంట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకు మించి వస్తే, వారిని చూసుకోవడానికి కూలీల్లో ఒక స్త్రీని నియమించి, ఆమెకూ కూలి చెల్లించాలని నిర్దేశించింది. పిల్లలను కనిపెట్టుకోవడమూ పనేనని చట్టం అంగీకరించిన సందర్భమిది.

అయితే ఈ రక్షణ పనిచోటికే పరిమితం. దసలిపట్టుకు పేరొందిన మహదేవపూర్ వంటి ప్రాంతాల్లో ఇంట్లోనే మగ్గం, ఇంట్లోనే బిడ్డ. అక్కడి తల్లికి ఈ నిబంధన వర్తించదు. విరామపు హక్కుకు పనిచోటు కాక కుటుంబ అవసరమే ప్రాతిపదిక కావాలన్నది ఈ చరిత్ర సూచించే విషయం.