పందికి పాక

రెండెకరాల మెరక కొన్నావు, నాలుగు పందుల్ని తెస్తానంటున్నావు, రేకుల షెడ్డుకి ఎంతవుతుందో మేస్త్రీని కూడా అడిగొచ్చావు. మంచిదే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ పందికి ఇల్లు కట్టి చూడమని ఎవరూ అనలేదురా అబ్బాయ్. అది నేను కట్టి చూసిన పని కాబట్టి చెబుతాను. మంటకి కాస్త దగ్గరగా జరుగు. ఆ ఫోను జేబులో పెట్టు, అది ఎక్కడికీ పారిపోదు.

నా చిన్నప్పుడు పందికి ఇల్లేమిటి, మనకే సరైన ఇల్లుండేది కాదు. మన ఎరుకలోళ్లని పుట్టుకతోనే దొంగల కింద రాసుకున్న చట్టం ఒకటుండేది. 1871లో ఉత్తరాదిన పెట్టారు, 1911లో మన మదరాసు రాజధానిదాకా తెచ్చారు. ఊరు దాటాలంటే పేరు రాయించుకుని చీటీ పట్టుకుని పోవాలి. మదరాసులో 1947లో, దేశమంతటా 1952లో తీసేశారు. తీసేశాక కూడా ఊళ్లో దూడ కనపడకపోతే ముందు మన గుడిసెల వైపే చూసేవాళ్లు. రేపు ఎక్కడుంటాడో తెలియనివాడు నిట్టాడి పాతుకుంటాడా? ఈతాకు చాపల గుడిసె, చుట్టి గాడిద మీద వేస్తే కదిలిపోయేది. పందులు పగలంతా ఊరి చివర తిరిగేవి. పొద్దుగూకే వేళకి మీ ముత్తవ్వ ఒక్క కేక పెడితే కుడితికి పరుగెత్తుకొచ్చేవి. ఎన్ని పందుల మధ్య ఉన్నా ఆవిడ గొంతు వాటికి తెలుసు.

ఊళ్లో వాళ్లు పందిని చూసి ముక్కు మూసుకునేవాళ్లు. పెంటమీదికి వదిలింది మనిషి, మాట పడింది పంది. దానికి చోటిచ్చి చూడు, పడుకునే చోట పేడ వెయ్యదు. ఒక మూల ఎంచుకుని అక్కడికే పోతుంది. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే ఉంది, కాబట్టి గుర్తుపెట్టుకో.

గన్నవరంలో సర్కారు పందుల ఫారమూ బేకన్ ఫ్యాక్టరీ పెట్టాక మన వైపు సీమ తెల్లపందులు కనబడ్డాయి. యార్క్‌షైర్ జాతి. మన నల్లపందులకి రెండింతలుండే ఆ శరీరం చూడటానికి జనం బళ్లు కట్టుకుని పోయారు. వాటికి రోజూ సబ్బుతో స్నానం చేయిస్తారని ఒకరు, పాలబువ్వ పెడతారని ఒకరు. చూసొచ్చినవాళ్లకంటే చూడనివాళ్లే ఎక్కువ చెప్పారు. అయితే ఆ తెల్లతోలుకి ఎండ పడదు, కందిపోతుంది. నల్లపంది చెట్టు నీడన బతికేస్తుంది గానీ దీనికి కప్పు ఉండి తీరాలి. పందికి పాక అనే మాట మన ఇంట్లో మొదటిసారి అప్పుడే వినబడింది.

పక్క ఊళ్లో కలిగిన రైతు ఒకాయన మనకంటే ముందే మొదలుపెట్టాడు. నాలుగు వైపులా ఇటుక గోడ, పైన ఇనప రేకులు, ఒక్కటే వాకిలి, వెల్ల కూడా వేయించాడు. గృహప్రవేశమొక్కటే తక్కువ. వేసవి ముదిరేసరికి లోపల పందులు నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి, మేత ముట్టడం లేదు. ఆయన దిష్టి తగిలిందనుకుని వాకిలికి నిమ్మకాయలు కట్టించాడు, భూతవైద్యుణ్ణి పిలిపించాడు. చివరికి పశువుల డాక్టరుగారు వచ్చి, గోడలు నడుమెత్తు దాకా పడగొట్టమన్నారు. పడగొట్టగానే గాలి ఆడింది, సాయంత్రానికి తొట్టి దగ్గరికి చేరాయి. భూతవైద్యుడు మాత్రం డబ్బు తిరిగివ్వలేదు.

డబ్బంటే గుర్తొచ్చింది. 1957లో కొత్త పైసలొచ్చినప్పుడు మేకుల కొట్టు దగ్గర రోజూ రభసే. అణాకి ఆరు కొత్త పైసలు, పావలాకి ఇరవైఐదు. నాలుగు అణాలు విడివిడిగా మారిస్తే ఇరవైనాలుగే వచ్చేవి. ఆ ఒక్క పైస కోసం మీ ముత్తాత ఎండలో నిలబడి తగువాడేవాడు, ఎప్పుడూ పావలా అయ్యేదాకా కూడబెట్టి గానీ మేకులు కొనేవాడు కాదు. గంపలూ తట్టలూ అల్లి ఇస్తే రైతులు వడ్లు కొలిచేవాళ్లు తప్ప రొక్కం అరుదు. అందుకే మేకు కొట్టాల్సిన చోట తాడు కట్టడం మనకి అలవాటైంది. సరేలే, పాక సంగతికి వద్దాం. నవ్వకు, దారి తప్పినా మళ్లీ ఎక్కానుగా.

పాక పొడుగు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు పొద్దున ఎండా సాయంత్రపు ఎండా పొట్టి వైపుల నుంచే వస్తుంది. మట్టి పోసి చుట్టుపక్కల నేల కంటే అడుగు ఎత్తు లేపాలి, వానాకాలం లోపలికి నీళ్లు రాకూడదు. నడుమ నిట్టాళ్లు, చుట్టూ గుంజలు, పైన తాటి వాసాలు, వాటిమీద తాటాకు నేయాలి. మధ్యలో మనిషి చేతులెత్తినా తగలనంత ఎత్తుండాలి, చూరు మాత్రం కిందికి దిగాలి. రేకు వేస్తే మధ్యాహ్నానికి కాలుతుంది. వెయ్యక తప్పదంటే దానిమీద కూడా ఆకు కప్పు. ఆకు రెండు మూడేళ్లకి మార్చాలని మేస్త్రీ బెదిరిస్తాడు, మార్చు. చల్లదనం పందికి దక్కుతుంది, ఖర్చు నీకు ఓ నాలుగు రోజుల కూలి.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. ఆ గాలివానకి మనవైపు కూడా ఎన్ని పాకలు లేచిపోయాయో! అప్పటినుంచి నేతమీద అడ్డంగా తాళ్లు లాగి గుంజలకి బిగించడం మానలేదు. నువ్వూ బిగించు.

పక్కలకి నడుమెత్తు గోడ చాలు, ఆపైన ఖాళీ. చలికాలం, జడివాన రోజుల్లో ఆ ఖాళీకి ఈత బరికెల తడికలు కట్టేవాళ్లం. మీ ముత్తవ్వ అల్లితే చీమ దూరడానికి సందుండేది కాదు. తడిక కిందిదాకా దించకు, నమిలేస్తాయి. గోడ అడుగున జానెడు లోతు బండరాళ్లు పాతు. పంది ముట్టె గునపంకంటే మొండిది, వదులు దొరికితే తెల్లారేసరికి బయటే ఉంటుంది. తొట్టి కూడా రాతిదే పెట్టు, తేలికదైతే బోర్లించి దానిమీద నిలబడుతుంది.

నేల గరుకుగా, బయటికి వాలుగా ఉండాలి. నున్నటి గచ్చుమీద కాళ్లు జారి తుంటి విరుగుతుంది. పెరిగే పందికి ఒక్కోదానికి పదీ పన్నెండు చదరపు అడుగులు, పిల్లలతో ఉన్న తల్లికి ఎనభై నుంచి వంద. తెచ్చిన మొదటి రోజే దూరపు మూల నీళ్లు చల్లి తడిగా ఉంచు, పడక వైపు పొడిగడ్డి పరచు. ఎటు పోవాలో అదే తెలుసుకుంటుంది.

బయట బురదగుంట తప్పనిసరి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్న సామెత మనుషుల కోసం. పందికి చెమట పట్టదు, అడుసే దాని విసనకర్ర. నీళ్లు మాత్రం రోజూ మార్చు, దోమ చేరనివ్వకు. మెదడువాపు జ్వరపు క్రిమి పందుల్లో పెరిగి దోమల ద్వారా మనుషులకి వస్తుంది. అందుకే పాక ఇంటికి ఆనుకుని వద్దు. ఊరిమీదికి వదలడమూ వద్దు. పెంట తిన్న పందిలో బద్దెపురుగు పిల్లలు పడతాయి, ఆ పురుగు గుడ్లు మనిషి కడుపులోకి పోయి, పొదిగిన పిల్లలు తలకెక్కితే మూర్ఛలే. మన వీధిలోనే చూశాను. ఈ ఒక్క మాట దగ్గర నాతో వాదించకు.

ఇక ఈనే గది. తల్లి ఒళ్లు వాల్చినప్పుడు గోడకీ తనకీ మధ్య చిక్కి పిల్లలు చస్తాయి. గోడ వెంట, నేలకి జానెడు ఎత్తున, గోడకి జానెడు ఎడంగా గట్టి సరుగుడు వాసం కట్టు. ఆ సందులోకి పిల్లలు తప్పించుకుంటాయి. గచ్చుమీద పెరిగే పిల్లలకి రక్తం పట్టదు, పుట్టిన మూడోనాటికి ఇనుము సూది వేయించాలి. ఆ రోజుల్లో సూదులెక్కడివి, పెంట తగలని చోట తవ్విన ఎర్రమట్టి ముద్దలు గదిలో పడేసేవాళ్లం. అవి నాకేవి. నవ్విన నాపచేనే పండుతుందన్నట్టు, మట్టి తినిపిస్తున్నారని నవ్వినవాళ్లే మరుసటి ఏడాది తట్ట పట్టుకుని ఎర్రమట్టి ఎక్కడని అడిగారు.

చూలు 114 రోజులు. మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులని మీ ముత్తవ్వ వేళ్లమీద లెక్కపెట్టేది. సంక్రాంతికి దాటిస్తే మే రెండోవారానికి ఈనుతుంది, అంటే నడి ఎండల్లో. అందుకే కప్పు నేత మార్చిలోపు అయిపోవాలి, ఆకులు ఇప్పుడే చెప్పిపెట్టాలి. ఇంతకీ నువ్వు తెస్తానన్న ఆడపందిని దాటించింది ఏ రోజున? ఆ పంచాంగం ఇటివ్వు, లెక్క కడదాం.