రంగదీపమునందలి బొమ్మ: పలకనుండి ఫైలు వరకు

నాటకచరిత్ర వ్రాయువారు కర్తను, పాఠమును, నటులను, తెరలను గూర్చి వహించిన శ్రద్ధ దీపమును గూర్చి వహింపలేదు. దీప మారిన పిమ్మట మిగులున దేమియు లేదనుట ఇందులకు కారణము కావచ్చును. అయినను దీపము ముందు నిలిచిన బొమ్మ మిగులును. అది నేడు ఏ రూపమున మిగులుచున్నదో, దానిని సాక్ష్యముగా గ్రహించునపుడు మనము దేనిని సరిచూచుకొనవలెనో ఇచట విచారింపదలచితిమి.

రంగముపై కిటికీ నీడయో, ఆకుల నీడయో పడవలెనన్నచో స్పాట్‌లైటులో దీపమునకును కటకమునకును నడుమ, ఆకారము కత్తిరించిన చిన్న పలకను నిలుపుదురు. దీనికి గోబో యని పేరు. 1930 ప్రాంతమున అమెరికా చలనచిత్రశాలలలో కెమెరాపై పడు అక్కరలేని వెలుగును ఆపు అడ్డునకు ఈ పేరు వాడుకలో నుండెను. కొన్ని ఆంగ్లపదముల తొలి అక్షరములను గుదిగ్రుచ్చి దీనికి వ్యుత్పత్తి చెప్పువారు కలరు. మన యూళ్ల పేర్లకు స్థలపురాణములు కట్టిన తీరే యది, నమ్మదగినది కాదు. ఆ తరగతి స్పాట్‌లైటులలో ఒకదానికి గల లీకో యను పేరు మాత్రము నిజముగనే లెవీ, కుక్ అను ఇరువురి పేర్ల తొలిభాగముల కూర్పు.

వెలుగుతో బొమ్మను దూరమునకు పంపు యత్నము ప్రాచీనమే. డచ్చి శాస్త్రజ్ఞుడు హైగెన్స్ 1659లో మాయాలాంతరు కొరకు గీసిన చిత్రములలో ఒక అస్థిపంజరము తన తలను తానే తీసి పట్టుకొనును. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో జర్మనీకి చెందిన లిన్నెబాఖ్ కటకము లేకయే వెనుకతెరపై బొమ్మను పరచు లాంతరును కల్పించెను. 1933లో దీర్ఘవృత్తాకార దర్పణముగల స్పాట్‌లైటులు వెలువడిన పిమ్మట గోబోకు స్థిరమైన తావు దొరకినది.

ఇచట మన తోలుబొమ్మలు తలపునకు రాకమానవు. ఒకటి రెండవదానికి మూలమని మేము చెప్పుట లేదు. తోలుబొమ్మ తెరను ఆనుకొని కదలును. గోబో దీపము చెంత నిలుచును. పోలిక పనితనమునందు కలదు. మేకతోలును పలుచగా గీకి, రంగులద్ది, నగల తావులలో రంధ్రములు పొడుచు నిమ్మలకుంట పనివానికి ఒక నియమము తెలియును: చుట్టును పూర్తిగా కోసినచో నడిమి భాగము రాలిపోవును. ఉక్కు గోబోకును ఇదే నియమము. ఇందువలన తెలుగు అక్షరమునకు వచ్చిన చిక్కు విశేషమైనది. సున్నలోని నడిమి భాగము, ఠకారములోని చుక్క, వకార మకారముల కడుపులు నిలువవలెనన్నచో సన్నని వంతెనలు విడువక తప్పదు. గాజుపలకలో ఈ యిబ్బంది లేదు. పైపూత పోయినను గాజు నిలుచును. కనుక ఒకే నాటకపు పేరు ఉక్కునకు ఒక విధముగను, గాజునకు మరియొక విధముగను ఫైలులో ఉండవచ్చును. ఉక్కు ప్రతిని మాత్రమే చూచినవాడు వంతెనను అక్షరభాగమని భ్రమపడును.

తరువాతి కాలమున కదలెడి దీపములు వచ్చినవి. ఒక్కొక్క దీపములో పలు గోబోలను మోయు చక్రము, చక్రమున గడులు ఏర్పడినవి. 1986లో రూపొందిన డీఎంఎక్స్ 512 పద్ధతిలో కన్సోలు దీపమునకు పంపునది బొమ్మ కాదు. 0 మొదలు 255 వరకు గల ఒక అంకె. ఆ యంకె ఫలానా గడిని తిప్పుమని చెప్పును. గడిలో ఏ బొమ్మ యున్నదో కన్సోలునకు తెలియదు. నడపువాని సౌకర్యమునకై బొమ్మ ఫైలును విడిగా చేర్చి, దీపవర్ణనలో ఆ గడికి ముడివేయుదురు. కర్మాగారపు గోబోను తీసి సొంత గోబోను పెట్టినవారు ఈ ముడిని కూడ మార్చవలెను. 2020లో జర్మనీ ప్రమాణముగా వెలువడిన జీడీటీఎఫ్ పద్ధతి ఈ విషయమున మేలైనది. అందు దీపవర్ణనయు, చక్రముల బొమ్మలును ఒకే కట్టలో నుండును. బొమ్మలు పీఎన్‌జీ రూపమున, 1024 చుక్కల చదరమునకు మించకుండ నుండవలెను.

పాఠపరిష్కరణమెరిగిన వారికి ఇందలి అపాయము వెంటనే తోచును. ప్రదర్శన ఫైలు ఒక ప్రతి. అందున్నది అంకె, అర్థము వేరొకచోట నున్నది. కొన్ని సాఫ్ట్‌వేర్లు బొమ్మను ప్రదర్శన ఫైలులోనే ఇముడ్చుకొనును. మరికొన్ని బొమ్మ పేరును మాత్రము వ్రాసికొని, బొమ్మను ఉమ్మడి సంచిలో నుంచును. రెండవ పద్ధతిలో అదే పేరుతో క్రొత్త బొమ్మను ఉంచినచో పాత నాటకమునకును అదే కనబడును. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున తెరమాటు బొమ్మలాటను పేర్కొనెను. నాటి బొమ్మ యొక్కటియు మనకు దక్కలేదు. అచట పాఠము నిలిచి బొమ్మ పోయినది. ఇచట పోయిన బొమ్మ స్థానమున వేరొకటి నిలిచి, తానే మొదటిదని పలుకును. ఈ రెండవది మరింత ప్రమాదకరమని మా యభిప్రాయము.

ఈ మాట ఊరక చెప్పుట లేదు. ఒక నాటకశాలలో కొన్నియేండ్ల నాటి ప్రదర్శన ఫైలును మేము తెరిపించి చూచితిమి. రెండవ అంకమున అల్లికకిటికీ కనబడెను; అట్లే వ్రాసికొంటిమి. అంతఃపురమును కిటికీతో సూచించిరని ఒక వాక్యము కూడ కూర్చితిమి. పిమ్మట దొరకిన ఛాయాచిత్రములో నటిపై నున్నవి ఆకుల నీడలు! విచారింపగా, తరువాతి నాటకమువారు అదే గడిలో వేరు పలకను పెట్టి, బొమ్మ ఫైలును 'గోబో 1' అను పాత పేరుతోనే మార్చిరని తేలినది. అంతఃపురము కాదు, వనమే. మా వాక్యమును కొట్టివేసితిమి.

కావున పరిశోధకుడు ఫైలును అడుగునపుడు నాటకము పేరు, సంవత్సరము, దీపపు రకము, చక్రము, గడి అను వానిని విడువరాదు. బొమ్మను దీపము వైపునుండి చూచినట్లు గీసిరా, రంగముపై పడినట్లు గీసిరా యనియు అడుగవలెను; కటకము బొమ్మను తలక్రిందులు చేయును, పలకను వెనుకకు త్రిప్పి పెట్టినచో కుడియెడమలు మారును. ఆకుల విషయమున ఇది పట్టింపు కాదు. అక్షరముల విషయమున పట్టింపే.

ఆ ఆకుల బొమ్మ ఫైలు మాకు దొరకలేదు. పలక మాత్రము దీపముల గదిలో, తుప్పుపట్టిన మరలున్న డబ్బా అడుగున దొరకినది. 86 మిల్లీమీటర్ల వ్యాసము గలది, వేడికి నీలివన్నె తిరిగినది. అంచున ఎవరో మేకుతో నాటకము పేరులోని మొదటి అక్షరమును గీసిరి.