స్టీమరు దిగిన వేసవి: పాత ఫోటోలను చదవడం

పాత ఫోటో చేతికి రాగానే మనం "ఆ రోజుల్లో ఇలా ఉండేదన్నమాట" అనుకుంటాం. ఆ మాట ఎంతవరకు నిజమో ఈ ప్రసంగంలో పరిశీలిద్దాం. అందుకు అమెరికా తూర్పు తీరంలో, మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన మార్థాస్ విన్‌యార్డ్ దీవిని ఉదాహరణగా తీసుకుందాం.

1835లో మెథడిస్టు క్రైస్తవులు ఆ దీవిలోని ఓక్ చెట్ల తోపులో డేరాలు వేసుకుని వేసవి ప్రార్థన సభలు ప్రారంభించారు. క్రమంగా డేరాల స్థానంలో నగిషీ చెక్కిన చిన్న చిన్న కొయ్య ఇళ్లు వెలిశాయి. 1860ల చివర ఒక భూముల కంపెనీ పక్కనే స్థలాలు అమ్మి, రేవు కట్టించింది. స్టీమర్లలో జనం రాసాగారు. 1872లో రేవు ఒడ్డునే సీ వ్యూ హౌస్ అనే పెద్ద హోటలు వచ్చింది. 1874లో అధ్యక్షుడు గ్రాంట్ కూడా ఈ విడిదికి వచ్చాడు. నేడు ఈ ఊరిని ఓక్ బ్లఫ్స్ అంటారు.

ఆ కాలపు ఫోటోలలో ఎక్కువ భాగం స్టీరియో చిత్రాలు. ఒకే దృశ్యాన్ని కొద్ది దూరంలో ఉన్న రెండు కటకాలతో తీసి, ఒకే అట్టపై పక్కపక్కన అతికించేవారు. ప్రత్యేకమైన కళ్లద్దాల పెట్టెలో పెట్టి చూస్తే దృశ్యానికి లోతు వచ్చేది. యాత్రికులు వీటిని జ్ఞాపికలుగా కొనుక్కుని ఇంటికి తీసుకువెళ్లేవారు. అంటే, ఇవి అమ్మకానికి తీసిన బొమ్మలు. ఇది మొదటి సంగతి.

రెండవది, తీసే పద్ధతి. రసాయనం పూసిన గాజు పలక తడి ఆరకముందే ఫోటో తీసి, కడగాలి. కాంతి పడవలసిన సమయం తరచుగా కొన్ని సెకన్లు. కదిలిన మనిషి మసకబారతాడు, లేదా మాయమవుతాడు. కాబట్టి వసారాలో కుర్చీలు వేసుకుని తీరికగా కూర్చున్న కుటుంబం స్పష్టంగా కనిపిస్తుంది. బరువులు మోస్తూ నడిచే కూలీ నీడలా మిగులుతాడు. ఆ ప్రశాంతతలో కొంత వేసవిది, కొంత గాజు పలకది.

మరి చిత్రంలో లేనివారు? ఆ తీరికకు ఎందరో పనివారి శ్రమ కావాలి. బానిసగా పుట్టిన చార్లెస్ షియరర్ 1903లో ఓక్ బ్లఫ్స్‌లో ఇల్లు కొన్నాడు. ఆయన భార్య హెన్రియెట్టా అక్కడ విడిదికి వచ్చినవారి బట్టలు ఉతికి ఇచ్చే లాండ్రీ నడిపింది. అక్కడి హోటళ్లు నల్లవారికి గది ఇవ్వని రోజులవి. 1912లో ఆ దంపతులు తమ ఇంటినే అలాంటి వారికి అతిథి గృహంగా తెరిచారు. 1888లో కొడాక్ కెమెరా వచ్చాక ఫోటో తీయడం సామాన్యుల చేతికి అందసాగింది. షియరర్ ఇంటి అతిథుల పాత ఫోటోలు నేటికీ ఉన్నాయి. అదే ఊరు, అదే వేసవి. కాని ఇక్కడ నల్లవారు పనివారు కారు, విడిదికి వచ్చినవారు.

అలాగని స్టీరియో చిత్రాలను తోసిపుచ్చకూడదు. సీ వ్యూ హౌస్ 1892లో కాలిపోయింది. అది రేవు మీద ఎలా నిలిచి ఉండేదో నేడు మనకు చూపేవి ఆ చిత్రాలే.

మీ ఇంట్లోనూ పాత ఫోటోలు ఉంటాయి. ఈసారి చూసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు తీయించారు? ఎవరు కదలకుండా నిలబడగలిగారు? ఆ సమయంలో వంటింట్లో ఎవరున్నారు?